డ్రైవింగ్ కొత్త, బడ్జెట్ ఏడు లక్షలు, ఇంట్లో తలో మాట: ఏ కారు కొనాలి?

ఖమ్మం నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం ఇది. వయసు 37. సూర్యాపేట రోడ్డులో, టౌనుకు 22 కిలోమీటర్ల దూరంలో ప్రభుత్వ బడిలో పని. రోజూ బస్సు దిగి మళ్లీ ఆటో పట్టుకుని వెళ్తున్నారు. ఇంట్లో భర్త, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, మోకాళ్ల నొప్పులతో బాధపడే 68 ఏళ్ల అత్తగారు. భర్తకు ఎరువుల దుకాణం ఉంది. ఆయనకు బైకు తప్ప కారు రాదు. ఈమె వేసవి సెలవుల్లో డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకున్నారు, లైసెన్సు కూడా వచ్చి రెండు నెలలైంది. అయితే ట్రైనింగ్ చివరి రోజుల్లో వైరా రోడ్డులో ఓ సిగ్నల్ దగ్గర బండి పదే పదే ఆఫ్ అయిపోయి, వెనక నుంచి హారన్లు మోగుతుంటే చేతులు వణికాయట. అప్పటి నుంచి స్టీరింగ్ పట్టుకోవాలంటేనే టెన్షన్.

చేతిలో మూడు లక్షలున్నాయి. లోనుతో కలిపి మొత్తం ఏడు లక్షలు దాటకూడదనుకున్నారు. ఇల్లున్న సందు ఎనిమిది అడుగుల వెడల్పు, చివర ఖాళీ స్థలంలో కారు పెట్టుకోవాలి. హైదరాబాద్‌లో ఉండే మరిది, 'చిన్న కారు కొంటే రెండేళ్లకే మార్చాలి వదినా' అంటూ పన్నెండు లక్షల కాంపాక్ట్ ఎస్‌యూవీ, ఏడేళ్ల లోను చూపిస్తున్నారు. నాన్నగారేమో విజయవాడ సింగ్‌నగర్‌లోని స్నేహితుడి 2020 మోడల్ కారును మూడు లక్షల డెబ్బై అయిదు వేలకు దాదాపు మాట్లాడేశారు. డ్రైవింగ్ స్కూలాయన 'ఆటోమేటిక్ జోలికి పోకండి మేడం, నేర్చుకున్నది మర్చిపోతారు' అన్నారు. భర్త 'ముందు నీకు బాగా రానీ, తర్వాత చూద్దాం' అంటున్నారు. ఉత్తరం చివర ఇలా ఉంది: 'నడిపేది నేను. ఈఎంఐ పోయేది నా జీతంలోంచి. కానీ అందరూ వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటున్నారు. నన్ను అడిగింది రంగు ఒక్కటే.'

అమ్మా, మీ ఇంట్లో ఎవరూ మీ చెడు కోరి చెప్పట్లేదు. కాకపోతే ఎవరి మనసులో ఉన్న కారు వాళ్లు చెబుతున్నారు. మీ మరిదిగారిది పండక్కి అందరూ కలిసి తిరిగే కారు. మీ నాన్నగారిది డబ్బు వృథా కాని కారు. మీ వారిది ఇంకా కొనని కారు. రోజూ ఉదయం మీరొక్కరే ఎక్కి 22 కిలోమీటర్లు వెళ్లి, సాయంత్రం అలసిపోయి మళ్లీ అదే దారిన తిరిగొచ్చే కారు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ కారు గురించే రాస్తాను.

ముందు మీ వారి మాట. బాగా రావాలంటే నడపాలి, నడపాలంటే బండి ఉండాలి. లైసెన్సు వచ్చాక నెలల తరబడి స్టీరింగ్ ముట్టుకోకపోతే చేతికొచ్చింది కాస్తా పోతుంది. ఆయన భయం నిజమైనదే కాబట్టి మధ్యేమార్గంగా ఒక పని చేయవచ్చు. కారు ఇంటికొచ్చాక మొదటి పది రోజులు డ్రైవింగ్ స్కూల్ ఆయన్నో, అనుభవమున్న మరొకరినో పక్కన కూర్చోబెట్టుకుని మీ సొంత కారు మీదే, ఇల్లు నుంచి బడి దాకా, మీరు రోజూ వెళ్లే వేళకే నడపండి. ఫీజు తీసుకుని ఇలా వచ్చేవాళ్లు మీ ఊళ్లో దొరుకుతారు. 'ఆ పది రోజులయ్యాకే ఒంటరిగా వెళ్తాను' అని చెబితే మీ వారికీ నిశ్చింత. అలా కాకుండా ఇంకో ఆరు నెలలు ఆగుతానంటే ఆగొచ్చు, కానీ ఆ ఆరు నెలలూ వారానికి రెండు మూడు క్లాసులైనా తీసుకోకపోతే ఆగినందుకు లాభం ఉండదు.

ఇక వైరా రోడ్డు సంగతి. సిగ్నల్ దగ్గర బండి ఆఫ్ అవడం మీకు డ్రైవింగ్ రాకపోవడం కాదు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఎడమ కాలికి ఇంకా అలవాటు కాలేదు, అంతే. అది నెల రెండు నెలల్లో వస్తుంది. అంతవరకూ ఆ భయంతో రోజూ హైవే ఎక్కడం ఇష్టం లేకపోతే ఏఎంటీ కారు చూడండి, ఆటోమేటిక్‌లో ఇదొక రకం. ఇందులో క్లచ్ పెడల్ ఉండదు. గేర్‌బాక్స్ మామూలుదే, మీ ఎడమ కాలు చేసే పనిని ఒక చిన్న యంత్రం చేస్తుంది. మాన్యువల్ కంటే ఇంచుమించు యాభై వేలు ఎక్కువ. గేర్ మారేటప్పుడు కొద్దిగా తల ఊగినట్టవుతుంది, ఓవర్‌టేక్ చేయబోతే ఒక క్షణం ఆలోచించుకుని లాగుతుంది. మైలేజీలో చెప్పుకోదగ్గ నష్టం లేదు. లైసెన్సుకు ఇబ్బంది లేదు, మన దగ్గర సొంత కార్లకు ఆటోమేటిక్‌కు వేరే లైసెన్సు అక్కర్లేదు.

మర్చిపోతారన్న మాటకు వస్తే, రోడ్డు చూడటం, అద్దాలు చూడటం, ఎదుటి బండి ఏం చేయబోతోందో పసిగట్టడం, ఇదీ డ్రైవింగ్. కాలికి పని తగ్గితే వీటిమీద ధ్యాస పెరుగుతుంది. గేర్లు వేయడం మాత్రం నిజంగానే తగ్గుతుంది. రేపు మాన్యువల్ బండి నడపాల్సి వస్తే మళ్లీ వారం పడుతుంది. అది మీకు పెద్ద లోటు అనిపించకపోతే ఆటోమేటిక్‌కు అడ్డేమీ లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఆటోమేటిక్‌లో కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేసే ప్రమాదం ఉంది. కుడి మడమను బ్రేకుకు ఎదురుగా నేలకు ఆనించి, పాదం మాత్రమే అటూ ఇటూ తిప్పడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. ఎడమ కాలు పూర్తిగా పక్కన పెట్టేయండి.

మీ ఎత్తు ఐదడుగులే అని ఉత్తరంలో ఎక్కడో ఒక మూల రాశారు. షోరూమ్‌లో అందరికంటే ముందు దాన్ని పట్టించుకోండి. డ్రైవర్ సీటు ఎత్తు పెంచే లివర్ చాలా కార్లలో కింది వేరియంట్లకు ఉండదు. మీరు ఎక్కి కూర్చుని పెడల్ పూర్తిగా తొక్కండి, అప్పటికీ మోకాలు కాస్త వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచుకు తగలాలి. బానెట్ చివర కనిపించకపోయినా ఫరవాలేదు గానీ, మీ ముందు నేల ఎంత దగ్గర నుంచి కనిపిస్తోందో చూడండి. ఎవరినైనా కారు ముందు నిలబెట్టి, వాళ్ల నడుము కనిపించేదాకా వెనక్కి జరగమనండి. ఒక కారులో రెండడుగులకే కనిపిస్తారు, మరోదాంట్లో అయిదడుగులు పోవాలి. మీ సందులో పిల్లలు ఆడుకుంటారు కాబట్టి ఈ తేడా చిన్నది కాదు.

డబ్బు లెక్కకు వద్దాం. ఏడు లక్షలంటే షోరూమ్ ధర కాదు, రోడ్డెక్కే ధర. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు లైఫ్ ట్యాక్సే 14 శాతం. ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ కలిస్తే ఆరు లక్షల కారు ఏడు దాటేస్తుంది. కాబట్టి మీరు చూడాల్సింది ఐదున్నర నుంచి ఆరు లక్షల లోపు వేరియంట్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు 28 శాతం, దాని పైన సెస్సు ఉండేది. అందుకే అంతకుముందు కొన్నవాళ్లు చెప్పే ధరలు ఇప్పుడు పనికిరావు, కొత్త కొటేషన్ రాయించుకోండి.

నాలుగు లక్షల లోను, తొమ్మిదిన్నర శాతం వడ్డీ, ఐదేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 8,400. మీ రాకపోకలు నెలకు వెయ్యి కిలోమీటర్ల దగ్గర పడతాయి. లీటరుకు 17 వచ్చినా పెట్రోలుకు ఆరు వేలు. ఇన్సూరెన్సు, సర్వీసింగ్, టైర్లు నెలలకు పంచితే రెండున్నర వేలు. మొత్తం దాదాపు 17 వేలు. మరిదిగారు చెప్పిన కారుకు తొమ్మిది లక్షల లోను, ఏడేళ్లు. ఈఎంఐ ఒక్కటే 14,700, మిగతావి కలిస్తే నెలకు పాతిక వేలు. అంటే ఆ లోను మీద ఏడేళ్లలో వడ్డీయే మూడు లక్షల ముప్పై వేల పైచిలుకు. పాప ఇంటర్, ఆ పై చదువు మొదలయ్యేది సరిగ్గా ఆ ఏడేళ్లలోనే. ఆ పాతిక వేలు మీకు భారం కాదనుకుంటే పెద్ద కారు తప్పేమీ కాదు, సౌకర్యం నిజంగానే ఉంటుంది. కానీ పండక్కి వచ్చి అందరూ కలిసి భద్రాచలం వెళ్లే రెండు రోజుల కోసమైతే, ఆ రెండు రోజులకు పెద్ద బండి అద్దెకు మాట్లాడుకోవడం తేలిక. ఎలాగూ రెండు కుటుంబాలు ఐదు సీట్ల కారులో పట్టవు. ఈ మాట మీ మరిదితో మీరే చెప్పండి, 'బండి అద్దె మీదే' అని కూడా అనండి.

ఇప్పుడు కార్లు. మీ బడ్జెట్‌లో, మీ అవసరానికి దగ్గరగా నాకు మూడు కనిపిస్తున్నాయి. ఏదీ అన్నిట్లోనూ సరిపోదు.

మారుతి వ్యాగన్ ఆర్ ఏఎంటీ కొత్తగా నడిపేవాళ్లకు చాలా అనువైనది. ఎత్తుగా కూర్చుంటారు, అద్దాలు పెద్దవి, వెడల్పు 162 సెంటీమీటర్లే కాబట్టి మీ సందులో రెండు వైపులా చోటు మిగులుతుంది. అత్తగారు వంగకుండా, దిగబడకుండా అలా పక్కకు తిరిగి కూర్చోవచ్చు. సర్వీసింగ్ ఎక్కడైనా దొరుకుతుంది, అమ్మితే మంచి ధర వస్తుంది. కానీ కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ 2023లో ప్రకటించిన క్రాష్ టెస్టులో దీనికి ఐదు స్టార్లకు గాను పెద్దల భద్రతకు ఒక్క స్టారు, పిల్లల భద్రతకు సున్నా వచ్చాయి. 2025లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు. మంచిదే, అయితే ఆ టెస్టులో కారు బాడీయే నిలకడగా లేదని తేల్చారు. బాడీ చేయాల్సిన పనిని ఎయిర్‌బ్యాగులు చేయలేవు.

టౌన్లో మార్కెట్‌కూ బడికీ తిరిగే కారైతే దీన్ని ఇంత పట్టించుకునేవాణ్ని కాదు. మీది రోజూ హైవే. గ్రానైట్ బండలు మోసుకెళ్లే లారీలు, మిర్చి సీజన్లో సాయంత్రం పూట వెనక లైటు లేకుండా వచ్చే ట్రాక్టర్లు, ఆ రోడ్డు మీకు నాకంటే బాగా తెలుసు. సెలవు రోజుల్లో పిల్లలు వెనక సీట్లో ఉంటారు. అందుకే నేను స్టార్లను గట్టిగా పట్టుకుంటాను.

టాటా టియాగోకు 2020లో అదే సంస్థ నాలుగు స్టార్లిచ్చింది. 2022లో టెస్టులు కఠినం చేశారు కాబట్టి అప్పటి స్టార్లనూ ఇప్పటివాటినీ పక్కపక్కన పెట్టి కొలవకూడదు, అయినా తేడా పెద్దదే. ఏఎంటీ ధర మీ బడ్జెట్ గీత మీద, లేదా కొంచెం పైన పడుతుంది. చిక్కు అత్తగారి దగ్గర వస్తుంది. సీటు కిందికి ఉంటుంది, లేచేటప్పుడు బరువంతా మోకాళ్ల మీదే.

టాటా పంచ్‌కు 2021లో పెద్దల భద్రతకు ఐదు, పిల్లల భద్రతకు నాలుగు స్టార్లు వచ్చాయి. తలుపులు దాదాపు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి, సీటు ఎత్తుగా ఉంటుంది, అత్తగారికి హాయి. వెడల్పు 174 సెంటీమీటర్లు. మీ ఎనిమిది అడుగుల సందులో అద్దాలు లెక్కేయకుండా ఒక్కో వైపు 35 సెంటీమీటర్లు మిగులుతుంది. గోడ పక్కన బైకు పెట్టి ఉంటే కష్టమే. కింది వేరియంట్ మాన్యువల్ మీ ఏడు లక్షల్లో పడుతుంది, ఏఎంటీ కావాలంటే లక్ష, లక్షన్నర దాటుతుంది.

నా మొగ్గు పంచ్ వైపు. దానికి మీరు రెండు దారుల్లో వెళ్లొచ్చు. ఒకటి, బడ్జెట్‌కు కట్టుబడి మాన్యువల్ తీసుకుని, క్లచ్ భయాన్ని ఆ పది రోజుల ట్రైనింగ్‌లో వదిలించుకోవడం. మొదటి రెండు నెలలు కష్టంగా ఉంటాయి, ఆ తర్వాత ఏ బండైనా నడపగలరు. రెండు, లక్షకు నెలకు 2,100 చొప్పున ఈఎంఐ పెంచుకుని ఏఎంటీ తీసుకోవడం. బడ్జెట్ దాటమని నేను ఎవరికీ తేలిగ్గా చెప్పను. మీ విషయంలో దాటడానికి ఒప్పుకునే కారణం ఒక్కటే, క్లచ్ భయం లేకుండా గట్టి కారు నడపడం, సన్‌రూఫ్ కోసమో పెద్ద స్క్రీన్ కోసమో కాదు. ఈ రెండూ కుదరవు, సందులో వెడల్పు కారంటేనే గుండె దడ అంటే వ్యాగన్ ఆర్ తీసుకోండి, కానీ వేగం ఎనభై దాటకుండా, వెనకవాళ్లూ బెల్టు పెట్టుకుని. బాబు ముందు సీట్లో కూర్చోకూడదు, ఏ కారైనా సరే. వాడికి వెనక బూస్టర్ సీటు కొనండి.

తేల్చుకోవడానికి ఒక ఆదివారం చాలు. టెస్ట్ డ్రైవ్ షోరూమ్ చుట్టూ తిరిగే దారిలో వద్దనండి, కారును మీ సందులోకి తీసుకురమ్మనండి. అత్తగారిని ఎక్కించి దింపండి, ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు. దిగేటప్పుడు ఆవిడ చేయి దేన్ని పట్టుకుంటోందో గమనించండి. తలుపును పట్టుకుంటున్నారంటే సీటు ఆవిడకు కుదరలేదని, తలుపు కదిలితే పడిపోతారని అర్థం. ఆ తర్వాత మాన్యువల్ పంచ్‌ను మీరే వైరా రోడ్డు మీద, అదే సిగ్నల్ దగ్గర నడిపి చూడండి. పక్కన షోరూమ్ మనిషి ఉంటాడు, ఆఫ్ అయితే అవనివ్వండి.

సీఎన్‌జీ గురించి కూడా అడిగారు. నెల ఇంధనం ఖర్చు మూడో వంతు పైనే తగ్గుతుంది. కానీ ఇంచుమించు తొంభై వేలు ఎక్కువ పెట్టాలి, అది తిరిగి రావడానికి మీ తిరుగుడుకు మూడేళ్లు పైనే పడుతుంది. చాలా కార్లలో డిక్కీ సిలిండర్‌కే పోతుంది, అత్తగారి వాకర్ ఎక్కడ పెడతారు? మీ దారిలో సీఎన్‌జీ బంకు ఉండి, క్యూ తక్కువగా ఉంటే ఆలోచించండి, లేకపోతే పెట్రోలే.

మీ నాన్నగారి కారు దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగాలి. కొత్త డ్రైవర్‌కు సెకండ్ హ్యాండ్ కారు నిజంగా మంచి ఆలోచన. గీత పడినా మనసు కోసుకోదు, లోను చిన్నది లేదా అసలే ఉండదు, రెండేళ్లు నడిపి అమ్మినా పెద్దగా పోదు. నాకు అనుమానం ఆ ఒక్క కారు మీదే. సింగ్‌నగర్ అన్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు అక్కడ కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ నెలే మున్నేరు వరద మీ ఊళ్లో ఏం చేసిందో మీరు చూశారు. ఈ కారు మునిగిందని నేననట్లేదు, చూడకుండా కొనొద్దంటున్నాను. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి, ఎప్పుడూ లోపలే ఉండే ఆ చివరి జానెడు మీద మట్టి చార ఉందేమో చూడండి. బెల్టును కడిగేవాళ్లు కూడా అంత లోపలిదాకా కడగరు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంటలో చేయి పెట్టి చూడండి. సీటు కింద పట్టాల బోల్టులకు తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. అద్దాలన్నీ మూసి ఏసీ వేస్తే ముక్కిన వాసన వస్తోందా గమనించండి. ఇన్సూరెన్సు పాలసీ కాగితం అడగండి. అయిదేళ్ల కారుకు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ఇచ్చే తగ్గింపు) సున్నా ఉంటే ఎప్పుడో క్లెయిమ్ చేశారనో, మధ్యలో పాలసీ తెగిందనో అనుకోవాలి. ఎందుకో వాళ్లనే అడగండి.

ఇంకో రెండు మాటలు. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు అన్ని కార్లకూ తప్పనిసరి అయింది 2022 జనవరి నుంచి. 2020 కారు కింది వేరియంట్ అయితే డ్రైవర్ వైపు ఒక్కటే ఉండే అవకాశం ఉంది. పైగా అది ఏపీ బండి. అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని, మన దగ్గర మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించి, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలిపితే ధర మూడు డెబ్బై అయిదు దగ్గర ఆగదు.

నాన్నగారికి 'వద్దు' అని చెప్పకండి. 'నాన్నా, మీరు బేరం ఆడినట్టు నేను ఆడలేను. 2022 తర్వాతి మోడల్, ఖమ్మం రిజిస్ట్రేషన్, ఏఎంటీ ఉన్నది చూసి పెట్టండి' అని అడగండి. ఆరు లక్షల లోపు మంచి పంచో టియాగోనో దొరికితే నేను చెప్పిన అన్ని దారుల్లోకీ అదే మెరుగు కావచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో నంబరు చెప్పి సర్వీస్ హిస్టరీ తీయించి, మీకు తెలిసిన మెకానిక్‌తో చూపించి, పాత లోను ఉంటే ఆర్సీలో అది తీసేశాకే డబ్బులివ్వండి.

కొత్త కారే అయితే మొదటి రెండేళ్లు జీరో డిప్రిసియేషన్ పాలసీ (విడిభాగాల పాతదనానికి క్లెయిమ్‌లో కోత పెట్టనిది) తప్పకుండా తీసుకోండి. గోడకు రాసుకున్న ప్రతి గీతకూ క్లెయిమ్ పెట్టకండి, బోనస్ పోతుంది. ఇన్సూరెన్సు షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట రేటు కనుక్కుని బేరమాడండి. రివర్స్ సెన్సార్లు అన్ని కార్లకూ వస్తాయి. కెమెరా లేకపోతే బయట బిగించుకోవచ్చు, మీ సందుకు అది కావాలి. పూతలు, పాలిష్‌లు, సీటు కవర్ల ప్యాకేజీ అంటూ అంటగడితే వద్దనండి. ఎత్తు చెప్పులు వేసుకుని నడపకండి.

చివరగా, మీ వారిని కూడా డ్రైవింగ్ స్కూల్లో చేర్పించండి. ఇంట్లో 68 ఏళ్ల మనిషి ఉన్నారు. అర్ధరాత్రి ఆస్పత్రికి వెళ్లాల్సొస్తే, ఆ రోజు మీకే జ్వరమైతే, కారు సందు చివరే నిలబడిపోతుంది. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) తీసుకున్న ముప్పై రోజులకు డ్రైవింగ్ టెస్టుకు వెళ్లొచ్చు, ఆరు నెలల దాకా అది చెల్లుతుంది. కారు బుక్ చేసిన రోజే ఆయనకు కూడా ఎల్‌ఎల్‌ఆర్ స్లాట్ బుక్ చేయండి.